ట్రావెల్ ట్రైలర్: కట్టుబడి లోపాలు, మరమ్మతులు

ట్రావెల్ ట్రైలర్ అంటే చక్రాల మీద కట్టిన చిన్న ఇల్లు. దీనికి ఇంజిను ఉండదు. పికప్ ట్రక్కుకో, పెద్ద ఎస్‌యూవీకో వెనక తగిలించి లాక్కుపోతారు. లోపల పడకలు, వంట గట్టు, ఫ్రిజ్, స్నానాల గది, నీళ్ల ట్యాంకులు, గ్యాసు సిలిండర్లు, బ్యాటరీ అన్నీ ఉంటాయి. అమెరికాలో వీటినీ, ఇంజినుతో నడిచే మోటర్‌హోమ్‌లనూ కలిపి ఆర్‌వీలు అంటారు. బ్రిటన్‌లో, ఆస్ట్రేలియాలో కారవాన్ అనే మాట వాడుక. అమెరికాలో ఉంటున్న తెలుగు కుటుంబాలు వేసవి సెలవుల్లో ఎల్లోస్టోన్‌కో, గ్రాండ్ కాన్యన్‌కో వెళ్లేటప్పుడు అద్దెకు తీసుకునే బళ్లలో ఇవీ ఉంటాయి. కొందరు సొంతంగా కొనుక్కుంటున్నారు కూడా.

కొత్త ట్రైలర్ ఇంటికి తెచ్చిన కొన్నాళ్లకే పైకప్పు కారడం, అలమర తలుపులు ఊడి రావడం, కుళాయి కింద చెమ్మ చేరడం చాలామందికి ఎదురయ్యేదే. కారు కొంటే ఇలాంటివి ఊహించం. ట్రైలర్ కొంటే ఊహించాలి. దీనికి కారణం తయారీలోనూ, చట్టంలోనూ, వ్యాపారం సాగే తీరులోనూ ఉంది. లోపాలు ఎన్ని రకాలుగా పైకి కనిపించినా చాలావాటి పుట్టుక ఒక్కచోటే, అతుకు దగ్గర. గోడా కప్పూ కలిసే చోట, కిటికీ గోడలోకి దిగే చోట, గొట్టం గొట్టానికి తగిలే చోట, తీగ తీగతో ముడిపడే చోట. మరమ్మతు అంటే ప్రధానంగా ఈ అతుకుల సంరక్షణే.

ఎల్క్‌హార్ట్, అక్కడి తయారీ

ఇండియానా రాష్ట్రం ఉత్తరాన ఉన్న ఎల్క్‌హార్ట్ కౌంటీని ప్రపంచ ఆర్‌వీ రాజధాని అంటారు. 1930ల నుంచీ అక్కడ ట్రైలర్లు కడుతున్నారు. అమెరికాలో తయారయ్యే ఆర్‌వీల్లో అత్యధిక భాగం ఆ చుట్టుపక్కలే పుడతాయి. ఈ పరిశ్రమ చరిత్రను భద్రపరచే మ్యూజియం కూడా ఎల్క్‌హార్ట్‌లోనే ఉంది. షోరూములో పదుల కొద్దీ పేర్లు కనిపించినా మార్కెట్టులో పెద్ద భాగం మూడు సంస్థలది. 1980లో ఎయిర్‌స్ట్రీమ్ కొనుగోలుతో మొదలై, 2016లో జేకోను కూడా కలుపుకున్న థార్ ఇండస్ట్రీస్ ఒకటి. 1996లో పుట్టి, 2005లో, అప్పుడు వారెన్ బఫెట్ సారథ్యంలో ఉన్న బెర్క్‌షైర్ హాథవే చేతికి వచ్చిన ఫారెస్ట్ రివర్ రెండోది. అయోవా రాష్ట్రంలో మొదలైన విన్నెబాగో మూడోది. చాలా బ్రాండ్లకు అడుగు చట్రం, ఇరుసులు, ఫ్రిజ్, నీళ్ల హీటరు సరఫరా చేసేది కొద్దిమంది విడిభాగాల తయారీదారులే. అందువల్ల పేరు మారినంత మాత్రాన నాణ్యత మారుతుందని అనుకోలేం.

ఆ ఫ్యాక్టరీల్లో జీతం చాలాచోట్ల గంటల లెక్కన కాక బళ్ల లెక్కన ఉంటుంది. తెల్లవారకముందే పని మొదలుపెట్టి, ఆ రోజుకు అనుకున్నన్ని బళ్లు లైను దాటగానే ఇంటికి వెళ్లిపోతారు. కష్టపడేవాళ్లకు మంచి సంపాదన. కానీ ఒక స్క్రూ కర్రలో దిగకుండా పక్కకు పోతే ఆగి, తీసి, మళ్లీ బిగించడానికి పట్టే నిమిషం ఆ బృందం మొత్తం జేబులోంచి పోతుంది. తప్పు మనుషుల నేర్పులో ఉందనడం అన్యాయం. అక్కడి కార్మికుల్లో వడ్రంగంలో పేరున్న ఆమిష్ సమాజం వాళ్లు చాలామంది ఉన్నారు. ఆగి సరిచేసుకునే తీరిక ఇవ్వని పద్ధతిలోనే ఉంది లోపం.

కోవిడ్ కాలంలో ఈ ఒత్తిడి ఇంకా పెరిగింది. విమానాలు ఆగి, హోటళ్లు మూతపడి జనం బళ్ల మీద పడ్డారు. 2020లో ఫ్యాక్టరీల నుంచి 4,30,412 ఆర్‌వీలు బయటికి వెళ్తే, 2021లో 6,00,240 వెళ్లాయి. అది పరిశ్రమ చరిత్రలోనే రికార్డు. 2023 నాటికి ఆ సంఖ్య 3,13,174కు పడిపోయింది. సెకండ్ హ్యాండ్ ట్రైలర్ కొనేవాళ్లు 2021, 2022 మోడళ్లను మరింత శ్రద్ధగా పరిశీలించడం మంచిది. హడావిడిగా కట్టినవి, దొరికిన సామానుతో సర్దుకున్నవి వాటిలో ఎక్కువ ఉండే అవకాశం ఉంది.

ఇల్లూ కాదు, కారూ కాదు

అమెరికాలో ఫ్యాక్టరీలో కట్టే ఇళ్లకు 1976 నుంచి గృహ నిర్మాణ శాఖ (హడ్) నియమావళి ఉంది. ఆర్‌వీలకు అది వర్తించదు. రోడ్డు మీద తిరిగే బండి కాబట్టి టైర్లు, దీపాలు, బ్రేకులు రవాణా భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ పరిధిలోకి వస్తాయి. ప్రమాదకరమైన లోపం బయటపడితే కంపెనీ ఆ బళ్లను రీకాల్ చేసి ఉచితంగా బాగుచేయాలి. బండికి ఉండే 17 అక్షరాల గుర్తింపు సంఖ్యతో పెండింగులో ఉన్న రీకాల్స్ ఎవరైనా చూసుకోవచ్చు. తలుపు పక్కన అంటించే పరిశ్రమ సంఘం ముద్రను చాలామంది నాణ్యతకు హామీ అనుకుంటారు. ఆ ముద్ర చెప్పేది అగ్ని భద్రత, గ్యాసు, నీటి గొట్టాలు, కరెంటు విషయంలో ఎన్‌ఎఫ్‌పీఏ 1192 వంటి ప్రమాణాలు పాటించామని. సంఘం ఇన్‌స్పెక్టర్లు చెప్పాపెట్టకుండా ఫ్యాక్టరీలకు వెళ్లి చూస్తారు కూడా. అయితే అలమర ఎంత గట్టిగా నిలుస్తుంది, కప్పు ఎన్నేళ్లు కారకుండా ఉంటుంది అన్నవి ఆ ముద్ర పరిధిలో లేవు.

ఈ చట్టపరమైన సందులో పడి జనం ఎంత నలిగారో 2005 తరువాత తెలిసింది. కత్రినా, రీటా తుఫానుల్లో ఇళ్లు కోల్పోయినవాళ్ల కోసం విపత్తు సహాయ సంస్థ ఫెమా లక్షకు పైగా ట్రైలర్లూ మొబైల్ ఇళ్లూ సమకూర్చింది. వారాంతపు విహారానికి కట్టిన బళ్లలో కుటుంబాలు నెలలు, ఏళ్లు కాపురమున్నాయి. కళ్ల మంటలు, దగ్గు, పిల్లలకు ఆయాసం. ప్లైవుడ్, పార్టికల్ బోర్డుల జిగురులోంచి వెలువడే ఫార్మాల్డిహైడ్ వాయువు మూసిన గదుల్లో పేరుకుపోయింది. 2007 డిసెంబరు, 2008 జనవరి నెలల్లో వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 519 బళ్లలో కొలిస్తే సగటు 77 పీపీబీ (గాలిలో వంద కోట్ల భాగాలకు 77 భాగాలు) వచ్చింది. మామూలు ఇళ్లలో ఉండేదానికి ఇది చాలా ఎక్కువ. 2012లో తయారీదారులు, కాంట్రాక్టర్లు కలిసి 4.26 కోట్ల డాలర్ల పరిహారానికి ఒప్పుకున్నారు. 2010లో వచ్చిన ఫార్మాల్డిహైడ్ చట్టం కార్లకు మినహాయింపు ఇచ్చినా ఆర్‌వీలకు ఇవ్వలేదు. సర్వం పోగొట్టుకున్నవాళ్ల ఊపిరితిత్తులు దెబ్బతిన్నాక గాని ఆ నియమం రాలేదన్నది బాధాకరమైన నిజం. కొత్త బండి వాసన ముక్కుకు ఘాటుగా తగిలితే కిటికీలన్నీ తెరిచి, ఎండలో కొన్నాళ్లు గాలి ఆడనివ్వాలి.

నీరు చేసే నష్టం

ట్రైలర్‌ను పాడుచేసే వాటన్నిటిలో నీరు మొదటిది. మిగతావన్నీ దాని తరువాతే.

గోడలు కట్టే పద్ధతులు రెండు. పాత పద్ధతిలో కర్రల చట్రానికి బయట ముడతల అల్యూమినియం రేకు కొడతారు. రెండోదానిలో పలుచని ఫైబర్‌గ్లాస్ పొర, దాని వెనక 3 మిల్లీమీటర్ల లువాన్ ప్లైవుడ్, నడుమ థర్మోకోల్ దిమ్మ, అల్యూమినియం చట్రం, లోపలి పలక అన్నిటినీ జిగురుతో ఒకే అట్టలా అతికిస్తారు. చూడ్డానికి నున్నగా, మెరుస్తూ ఉంటుంది. కాని చెమ్మ తగిలిందంటే లువాన్ ఉబ్బి ఫైబర్‌గ్లాస్‌ను వదిలేస్తుంది. గోడ పొక్కినట్టు, నీరు పట్టిన చర్మంలా లేస్తుంది. సాయంత్రపు ఏటవాలు వెలుతురులో గోడ పక్కనే నిలబడి పొడవునా చూస్తే ఆ పొక్కులు తెలుస్తాయి. ఎదురుగా నిలబడితే కనిపించవు. ఒకసారి పొరలు విడిపోయాక సూదితో జిగురు ఎక్కించడం వంటి చిట్కాలు పెద్దగా నిలవవు. లువాన్ బదులు కర్ర లేని అజ్డెల్ పలక వాడిన బళ్లు చెమ్మకు బాగా ఓర్చుకుంటాయి. ధర కాస్త ఎక్కువైనా దానికే మొగ్గడం తెలివైన పని.

కప్పు మీద ఈపీడీఎం, టీపీఓ అనే రబ్బరు తరహా పొరలు పరుస్తారు. ఆ పొర పాడవడం అరుదు. గాలి కిటికీ, ఏసీ, యాంటెనా, మరుగుదొడ్డి ట్యాంకు గొట్టం కోసం దానికి చేసిన రంధ్రాల చుట్టూ పూసిన సీలెంట్ ఎండకు పగులుతుంది. వెంట్రుకవాసి పగులు చాలు. వాన నీరు ఆ సందులోంచి దిగి, వాలు ఎటుంటే అటు పాకి, ఎక్కడో మంచం మూల తేలుతుంది. చెమ్మ కనిపించిన చోటే కారుతోందని అక్కడ పూయడం సర్వసాధారణమైన పొరపాటు.

ఒక మూల విప్పి చూస్తే విషయం అర్థమవుతుంది. పక్క గోడా ముందు గోడా కలిసే చోట నిలువునా అల్యూమినియం పట్టీ ఉంటుంది. దాని గాడిలోంచి వినైల్ పట్టీని వేలితో లాగేస్తే వరసగా స్క్రూ తలలు బయటపడతాయి. బాగున్న చోట అవి తళతళలాడతాయి. నీరు దిగిన చోట ఎర్రగా తుప్పు పట్టి, స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పితే పట్టే లేకుండా గిర్రున తిరుగుతాయి. పట్టీ ఊడదీస్తే వెనక నీరు దిగకుండా వేసిన బ్యూటైల్ టేపు ఎండిపోయి, బల్ల మీద ఆరిన గంజిలా పెచ్చులూడుతుంది. దాని లోపల ఉండాల్సిన కర్ర నల్లబడి, టీలో నానిన రస్కులా వేళ్ల మధ్య పొడి అవుతుంది. బయటికి గోడ మీద చిన్న మరక కూడా ఉండకపోవచ్చు.

ఇలాంటి మూలను బాగుచేయడానికి అడ్డదారి లేదు. ముందు నీరు ఎక్కడినుంచి వస్తుందో పట్టుకోవాలి. చెమ్మ కొలిచే మీటరుతో గోడ పొడవునా కొలుచుకుంటూ పైకి వెళ్తే దారి దొరుకుతుంది. అనుభవమున్న షాపులు బండి లోపలికి గాలి పంపి, బయట సబ్బు నీళ్లు చల్లి, బుడగలు వచ్చే చోటును గుర్తిస్తాయి. తరువాత పుచ్చిన కర్రను గట్టి కర్ర తగిలేదాకా కోసేయాలి. ఫ్యాను, డీహ్యూమిడిఫయర్ పెట్టి పూర్తిగా ఆరనివ్వాలి. ఇక్కడ తొందరపడితే లోపలి చెమ్మను మనమే మూసి బంధించినట్టవుతుంది. అప్పుడు కొత్త కర్రను పాతదానికి జోడుగా నిలిపి, జిగురు, స్క్రూలతో బిగించి, కొత్త బ్యూటైల్ టేపు వేసి పట్టీ తిరిగి కొట్టాలి. నాలుగు అంగుళాలు పుచ్చిందనుకుని విప్పితే నాలుగు అడుగులు పోయి ఉండటం మామూలే కనుక, షాపులో ముందే ధర చెప్పడానికి వెనకాడతారు. అందులో మోసమేమీ లేదు.

కప్పు అతుకులను మూడు నెలలకోసారి చూడాలని తయారీదారులే రాస్తారు. పని చిన్నదే. మెత్తని సబ్బు నీళ్లతో కడిగి, ఆరనిచ్చి, లేచిన సీలెంటును ప్లాస్టిక్ గరిటెతో తీసేసి, కప్పు రకానికి సరిపడే సీలెంటు పూస్తారు. చదునుగా ఉన్న చోట దానంతటదే పరుచుకునే రకం, నిలువు గోడకు జారని రకం వేరుగా దొరుకుతాయి. ఇంట్లో వాడే సిలికాన్ మాత్రం దగ్గరకు రానివ్వకూడదు. అది సరిగా అంటుకోదు, దానిమీద ఇంకేదీ అంటుకోదు. తరువాత బాగుచేసేవాడికి దాన్ని గీకడంతోనే రోజు గడిచిపోతుంది. ఈపీడీఎం కప్పును పెట్రోలు, కిరసనాయిలు వంటివాటితో తుడిచినా చెడుతుంది.

చక్రాలు, బరువు

కట్టుబడి లోపం కప్పు దగ్గరుంటే డబ్బు పోతుంది. చక్రాల దగ్గరుంటే ప్రాణాల మీదికి వస్తుంది. చాలా ట్రైలర్లకు కమాను కట్టలను పట్టి ఉంచే బోల్టుల చుట్టూ నైలాన్ బుష్‌లు వేస్తారు. కొన్ని వేల మైళ్లు తిరిగేసరికి అవి అరిగి, ఇనుము ఇనుమును కొరుకుతుంది. గ్రీజు పెట్టడానికి వీలున్న బోల్టులు, కంచు బుష్‌లు వేయించుకోవడం చేతనైనంత తొందరగా చేయాల్సిన మార్పు. చక్రాల బేరింగులకు ఏడాదికోసారి, లేదా 12,000 మైళ్లకు, గ్రీజు మార్చాలి. కొత్త బండి చక్రాల నట్లు మొదటి 50 మైళ్లలోపే ఆగి మళ్లీ బిగించాలి. అలా చేయక చక్రం ఊడిన ఉదంతాలున్నాయి.

టైరు వయసును దాని పక్క గోడ మీదే చదవవచ్చు. డాట్ అనే అక్షరాలతో మొదలయ్యే వరసలో చివరి నాలుగు అంకెలు 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. గాడులు ఎంత లోతుగా ఉన్నా ఐదారేళ్లు దాటిన ట్రైలర్ టైరును నమ్మకూడదు. ఏడాదిలో ఎక్కువ కాలం కదలకుండా ఎండలో నిలిచి ఉండటం దానికి పెద్ద దెబ్బ.

సామాను ఎంత పట్టించవచ్చో తలుపు దగ్గరి పసుపు స్టిక్కరు మీద ఉంటుంది. నిండుగా నింపిన నీళ్ల ట్యాంకు, బియ్యం, గిన్నెలు, మంచాలమీద పరుపులు, సైకిళ్లు కలిపితే ఆ హద్దు దాటడం ఎంతో సులువు. హైవే పక్క ట్రక్ స్టాపుల్లో ఉండే కాటా మీద కొద్ది డాలర్లకు తూకం వేయించుకోవచ్చు. మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ముందు కొక్కెం మీద పడాలి. సామానంతా వెనక పేరిస్తే బండి తోకలా ఊగుతుంది.

గొట్టాలు, తీగలు, గ్యాసు

నీటి గొట్టాల లోపం పట్టుకోవడానికి చెవి చాలు. పంపు ఆన్ చేసి, కుళాయిలన్నీ కట్టేసి, నిశ్శబ్దంగా కూర్చోవాలి. పంపు ఆగి మళ్లీ కొద్దిసేపటికి గుర్రుమంటే ఎక్కడో నీరు పోతోంది. ఎక్కువగా సింకు కింద, స్నానాల గది వెనక చేత్తో బిగించిన ప్లాస్టిక్ మరల దగ్గర దొరుకుతుంది. క్యాంపు గ్రౌండ్లలో నీటి ఒత్తిడి ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది కనుక కుళాయికి రెగ్యులేటర్ పెట్టకుండా గొట్టం తగిలించకూడదు. చలి రాష్ట్రాల్లో శీతాకాలానికి ముందు నీళ్లన్నీ తీసేసి, గొట్టాల్లో గులాబీ రంగు యాంటీఫ్రీజ్ నింపుతారు. వదిలేస్తే గడ్డకట్టిన నీరు గొట్టాలను చీలుస్తుంది. దాని సంగతి వసంతంలో తెలుస్తుంది.

కరెంటులో ఒక ప్రమాదం ప్రత్యేకంగా చెప్పాలి. చిన్న ట్రైలర్ల 30 ఆంపియర్ల ప్లగ్గు 120 వోల్టులది. ఇంటి దగ్గర దానికి సాకెట్ పెట్టమంటే, బట్టలారబెట్టే యంత్రానికి 30 ఆంపియర్లు, 240 వోల్టులు ఇవ్వడం అలవాటైన ఎలక్ట్రీషియన్ అదే ఇస్తాడు. తగిలించిన క్షణంలో లోపలి మైక్రోవేవ్, కన్వర్టరు, టీవీ కాలిపోతాయి. ముందుగా మీటరుతో కొలిచి చూడటం, సర్జ్ రక్షణ పరికరం వాడటం తప్పనిసరి. గ్యాసు అతుకులకు సబ్బు నురగ రాసి బుడగలు చూడాలి. గ్యాసు, కార్బన్ మోనాక్సైడ్ అలారాలకు గడువు తేదీ ఉంటుంది. అది దాటితే పచ్చ దీపం వెలుగుతున్నా మార్చాలి.

డీలరు, వారంటీ, చట్టం

తయారీదారు సాధారణంగా నేరుగా అమ్మడు, డీలరు అమ్ముతాడు. వారంటీ పని చేసేదీ అతనే, ఆ కూలీ ఇచ్చేది కంపెనీ. ఫలానా పనికి ఇన్ని గంటలని కంపెనీ లెక్క కడుతుంది. ఆ లెక్క గిట్టుబాటు కాక, తమ దగ్గర కొనని బళ్లను ముట్టుకోని డీలర్లున్నారు. వేసవిలో షాపులో వదిలిన బండి విడిభాగం కోసం నెలలు నిలబడిపోవడం యజమానులను అన్నిటికంటె బాధించే విషయం. పిల్లల సెలవులు అయిపోతాయి, కిస్తీలు మాత్రం ఆగవు.

లోపాలున్న కార్లు కొన్నవాళ్లకు రక్షణ ఇచ్చే లెమన్ చట్టాలు చాలా రాష్ట్రాల్లో ట్రైలర్లకు వర్తించవు. టెక్సాస్ చట్టంలో లాక్కెళ్లే ఆర్‌వీలను కూడా చేర్చారు. డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్ ప్రాంతాల తెలుగువాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. రాతపూర్వక వారంటీ ఇచ్చి నిలబెట్టుకోకపోతే 1975 నాటి మాగ్నసన్–మాస్ ఫెడరల్ చట్టం కింద దావా వేయవచ్చు. అయితే దావా ఇండియానాలోనే వేయాలని కొన్ని వారంటీ పత్రాల్లో షరతు ఉంటుంది. సంతకానికి ముందు ఆ పేజీ చదవాలి.

అన్నిటికంటె ఎక్కువ మేలు చేసేది డబ్బు పూర్తిగా చెల్లించకముందు చేసే తనిఖీ. డీలరుతో సంబంధం లేని ఇన్‌స్పెక్టర్లు దొరుకుతారు. వాళ్లకిచ్చే ఫీజు మొదటి లీకు ఖర్చులో చిన్న భాగం. స్వయంగా చూసుకునేవాళ్లు నిచ్చెన అడిగి కప్పు ఎక్కాలి, గోడలన్నీ అరచేత్తో నొక్కాలి, మంచం కింద పలక ఎత్తి టార్చి వేయాలి, నీళ్లు నింపించి ప్రతి కుళాయీ తిప్పాలి. మొదటి రెండు మూడు రాత్రులు ఇంటి దగ్గరలోనే గడిపి, లోపాలన్నీ తేదీతో, ఫొటోతో రాసుకుని, ఫోనులో కాకుండా ఈమెయిలులో పంపాలి. వారంటీ గడువు ముగిసిన తరువాత పాత లోపమని నిరూపించేది ఆ ఈమెయిలే.

ఇతర దేశాల్లో

ఆస్ట్రేలియా వినియోగదారుల సంస్థ ఏసీసీసీ 2022లో కొత్త కారవాన్ల అమ్మకాలపై నివేదిక ఇచ్చింది. తన సర్వేలో పాల్గొన్న 2,270 మందిలో 80 శాతం తమ కొత్త కారవాన్‌లో ఏదో ఒక లోపం ఎదురైందని చెప్పారు. అక్కడి చట్టం ప్రకారం లోపం పెద్దదైతే మరమ్మతా, డబ్బు వాపసా, వేరే బండా అన్నది కొన్నవాడే ఎంచుకోవచ్చు. చాలామంది అమెరికన్లకు లేని బలం అది. బ్రిటన్‌లో కారవాన్ పరిశ్రమకు హల్ నగర ప్రాంతం కేంద్రం. అక్కడి వాన వాతావరణం వల్ల ఏటా చెమ్మ పరీక్ష చేయించి, గోడలో ఒక్కోచోట వచ్చిన శాతాన్ని బొమ్మ మీద రాయించుకోవడం ఆనవాయితీ అయింది. పాత బండి అమ్మేటప్పుడు ఆ కాగితాలే దాని జాతకం.

మనదేశంలో లాక్కెళ్లే ట్రైలర్లు తక్కువ. బస్సు, వ్యాను ఛాసిస్ మీద కట్టే మోటర్ కారవాన్లే ఎక్కువ. వాటికి ఏఐఎస్ 124 అనే ప్రమాణం ఉంది. కేరళ ప్రభుత్వం 2021లో కేరవాన్ కేరళ పేరుతో వీటికి ఊతమిచ్చింది. మన బాడీ బిల్డింగ్ షాపుల్లో యజమానే రోజూ వచ్చి నిలబడి పని చూసుకునే అలవాటు ఉంది. విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీ కట్టించుకున్నవాళ్లకు ఇది కొత్త కాదు. కారవాన్ కట్టించుకునేవాళ్లు కూడా లోపలి పలకలు బిగించకముందే వెళ్లి, చట్రం వెల్డింగు, గొట్టాలూ తీగలూ వెళ్లే దారులు, కిటికీ సందుల్లో సీలెంటు ఫొటోలు తీసిపెట్టుకోవచ్చు. పైపు ప్రెజర్ పరీక్ష, కప్పు మీద నీళ్లు పోసే పరీక్ష కూడా అప్పుడే చేయించాలి. ఎల్క్‌హార్ట్ బండి కొన్నవాడికి ఆ దశలో గోడ లోపలిని చూసే అవకాశం దాదాపు దక్కదు.